తువ్వాల వేసిన సీటు

సిద్దిపేట బస్టాండులో సాయంత్రం బస్సులో సీటు కావాలంటే కిటికీలోంచి తువ్వాల వేయాలి. బస్సు పూర్తిగా ఆగకముందే వేయాలి. తువ్వాల పడ్డ సీటులో ఎంత పెద్దమనిషైనా కూర్చోడు. ఈ విద్యలో మా అవ్వను, అంటే అమ్మను, మించినవాళ్లను నేను చూడలేదు.

మాది దుబ్బాకలో మగ్గం ఉన్న ఇల్లు. బాపు భీవండిలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి పోయాడు. నా ఎడమ కాలు పోలియోతో పోయింది. ఇనుప పట్టీల బూటు తొడిగితే ఆ కాలు వంగదు. నాలాంటి పిల్లలను బడికి తీసుకుపోయే బండ్లు ఉంటాయని అప్పట్లో ఎవరైనా చెబితే మేం నవ్వేవాళ్లం. మాకున్నది ఎర్ర బస్సు, అందులోకి నన్ను ఎక్కించడానికి అవ్వ నడుము.

మెట్లు లేని బడి, పైగా బస్టాండు పక్కనే ఉందని అవ్వ నన్ను సిద్దిపేటలో చేర్పించింది. నేను బడిలో ఉన్నంతసేపు తను బజారులో తువ్వాలలు అమ్మేది. పొద్దున బస్సు దుబ్బాకలోనే బయల్దేరేది కాబట్టి ఖాళీగా ఉండేది. చిక్కంతా సాయంత్రమే. మొదటి వారంలో ఒకసారి నిలబడి వస్తూ పడ్డాను. ఆ రోజే అవ్వ చెప్పేసింది.

"సీటు దొరికినన్ని దినాలే సదువు. దొరకకుంటే ఇంట్ల కూసో, కండెలు సుట్టుకో."

మగ్గానికి దారపు కండెలు చుట్టడం నాకు చిన్నప్పటి నుంచే వచ్చు. అందుకే భయం.

అవ్వకు చదువు రాదు. మా బస్సును ముందరి సొట్టతో గుర్తుపట్టేది. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, సొట్ట బస్సు రాగానే ఉరికి తువ్వాల వేసింది. నన్ను ఎత్తుకోవడానికి వెనక్కి వచ్చింది. మేం చేరేలోగా బస్సు కదిలిపోయింది. ఆ రోజు దాన్ని బెజ్జంకి రూటుకు మార్చారట. బోర్డు మీద రాసే ఉంది. బల్ల దగ్గరి నుంచి నాకు కనబడలేదు, దగ్గరికి పోయిన అవ్వకు చదవరాలేదు.

తర్వాత వచ్చిన దుబ్బాక బస్సు కిక్కిరిసి ఉంది. ఆ రోజు సరుకంతా అమ్ముడుపోయింది, వేయడానికి చేతిలో ఇంకో తువ్వాల లేదు. నిలబడ్డాను. ఊరు ఇంకో రెండు మైళ్లుందనగా మలుపులో పడి నుదురు పగలగొట్టుకున్నాను.  ఇంటికి వచ్చాక అవ్వ నా పుస్తకాల సంచిని దూలానికి తగిలించింది. నా చేతికి అందని ఎత్తులో.

తెల్లవారి తను ఒక్కతే మూట పట్టుకుని బస్సుకు పోయింది. నేను కండెలు ముందర వేసుకున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కాసేపటికే అవ్వ రొప్పుతూ తిరిగొచ్చింది. భుజం మీద నిన్నటి తువ్వాల ఉంది.

"లే. బూటు తొడుక్కో. బస్సు ఆపి వచ్చిన."

రాత్రి బెజ్జంకి నుంచి తిరిగొచ్చి దుబ్బాకలో ఆగిన సొట్ట బస్సే అది; అవ్వకు తువ్వాల ఇస్తూ చెప్పిందే కండక్టరు నాకూ చెప్పాడు.

"బెజ్జంకి దాక ఎవ్వలు కూసోలే బిడ్డా. ముసలోళ్లు సుత నిలవడ్డరు. ఎవలిదో తువ్వాల, వస్తరేమో అనుకున్నరు."

ఎవరో తెలియని మనుషులు, రాని నా కోసం అంత దూరం నిలబడ్డారు. నాకు కృతజ్ఞత కన్నా ముందు సిగ్గేసింది.

అవ్వ కిటికీ బయటికి చూస్తూ ఉంది. సిద్దిపేట దగ్గరపడ్డాక అంది.

"సీటు దొరకక గాదు నువ్వు వడ్డది. నాకు సదువు రాక వడ్డవ్. నువ్వు మానొద్దు."

ఆ సాయంత్రం నుంచి పద్ధతి మారింది. అవ్వ ముందు నన్ను చంకన వేసుకుని బస్సుకు ఎదురుగా నిలబడేది. నేను బోర్డు చదివి చెప్పేదాన్ని. ఆ తర్వాతే తువ్వాల వేసేది.