మా తోడికోడలు కొనుక్కున్న ఏడాది

పోయిన నెల ఒక ఉదయం, మా ఆయన కొట్టుకి బయలుదేరుతుండగా సాలూరు నుంచి మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, నీ సెల్లి ఎలిపోనాది," అన్నాడు. అతని భార్య, నా తోడికోడలు, ముందు రోజు తలనొప్పని పడుకుందట. విజయనగరం ఆసుపత్రికి చేర్చేసరికే తలలో రక్తనాళం చిట్లిందని, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారట.

ఏడ్చాను. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళం, ఏడవకుండా ఎలా ఉంటాను? కానీ ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ముందుగా వస్తున్నది దుఃఖం కాదు, అసూయ. బతికుండగా ఆమెను చూస్తే నాకు కుళ్ళు. మనిషి పోయింది. కుళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు.

బయటివాళ్ళకి ఇది విడ్డూరంగా ఉంటుంది. మాది ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం, సొంత మేడ. మా మరిది సాలూరులో వేరేవాళ్ళ లారీకి డ్రైవరు. రాయపూర్ వైపు సరుకు వేసుకుని వెళితే ఎప్పుడొస్తాడో తెలియదు. అద్దె ఇల్లు. లారీలకి బాడీలు కట్టే షెడ్లలో పనివాళ్ళకి ఆమె మధ్యాహ్నం భోజనం క్యారేజీలు పంపేది. పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడితే ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే. అలాంటి మనిషిని చూసి నేను కుళ్ళుకోవడమేమిటి?

ఆమెకు ఒక అలవాటు ఉండేది. చేతికి వచ్చిన డబ్బుకి వెంటనే పేరు పెట్టేది. ఇది గొడుగు డబ్బు, ఇది పాప స్కూలు డబ్బు, ఇది అమ్మకి కళ్ళద్దాల డబ్బు. "పేరెట్టని డబ్బు పరాయిదే అక్కా, ఎవులు పిలిస్తే ఆళ్ళెంట ఎలిపోతాది," అనేది. పేరు పెట్టాక దాన్ని దాచిపెట్టేది కూడా కాదు. పోస్టాఫీసులో కడుతున్నానని వీధిలో అందరికీ చెప్పేది. నాకది చిన్నతనంగా అనిపించేది. మా ఇంట్లో ఆడవాళ్ళ డబ్బంటే బియ్యం డ్రమ్ములో అడుగున ఉండాల్సిందే. నేనూ అలాగే దాచేదాన్ని.

శ్రీముఖలింగంలో మా దగ్గరి బంధువుల పెళ్ళి జరిగింది. కొత్తగా చేయించుకున్న గాజులు వేసుకుని వెళ్ళాను. నిజం చెప్పాలంటే, ఆమె చూడాలనే వేసుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఎంత బాగున్నాయక్కా! నీ సేతికి కుదిరినాయి," అంది. మనసారా అంది. కళ్ళలో ఎక్కడైనా కాస్త ఆశ కనబడుతుందేమోనని వెతికాను. లేదు. గాజులు వేసుకున్న సంతోషం అక్కడికక్కడే చచ్చిపోయింది.

భోజనాల దగ్గర మా పెద్ద ఆడపడుచు ఆమెను అడిగింది. "ఒసే, అన్నన్ని క్యారేజీలు కడతన్నావు కదా, మెడలో పూసల దండ తప్ప ఏటీ నేదు. ఏటి సేస్తన్నావే ఆ డబ్బు?"

"మా ఆయన్ని కొనుక్కుంటన్నాను వదినా," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నిజమే వదినా. ఒక ఏడు. ఏడాది పొడుగునా ఆయన లారీ ఎక్కకుండా ఇంట్లో ఉంటే ఇల్లు గడవాల కదా. దానికి కూడేస్తన్నాను. పాప ఆయన్ని సుట్టమనుకుంటన్నాది. మొన్న ఎవులో అడిగితే, మా నాన్న వచ్చి ఎలిపోతాడని సెప్పింది."

పంక్తి పంక్తంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. మొగుణ్ణి కూర్చోబెట్టి తిండి పెట్టడానికి కూడబెట్టే ఆడదాన్ని ఎక్కడైనా చూశామా అని తిరుగు ప్రయాణం పొడుగునా అనుకున్నాం. ఇంటికొచ్చాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన రోజూ ఇంట్లోనే ఉంటారు. ఆయన కోసం నేను ఏదైనా మానుకున్నానా? ఆయన నా పక్కన ఉండాలని ఎప్పుడైనా అంతగా అనుకున్నానా? ఆమెకు ఉన్నది డబ్బు కాదు, ఆ కోరిక. అది నాకు ఏ కొట్లోనూ దొరకదు.

తర్వాత పెద్ద నోట్లు రద్దయ్యాయి. డ్రమ్ము అడుగున దాచినదంతా తీసి మా ఆయన ముందు పెట్టాల్సి వచ్చింది. ఆయన కోప్పడలేదు. ఆశ్చర్యపోయారు. "ఇదంతా దేనికే?" అని అడిగారు.

ఏళ్ళ తరబడి కూరల్లోనూ చీరల్లోనూ మిగిల్చి మిగిల్చి పెట్టిన డబ్బు దేనికో నాకే తెలియదు. ఆయన బ్యాంకులో వేశారు. ఆ సీజన్‌లో ధాన్యం కొనుగోలులో కలిసిపోయింది. అదే మా తోడికోడల్ని అడిగి ఉంటే గుక్క తిప్పుకోకుండా చెప్పేది.

ఆ మరుసటి వేసవికి ఆమె డబ్బు సమకూడింది. ఆ సంగతి తెలిసి మా ఆయన తమ్ముడికి ఫోన్ చేశారు. ఆ డబ్బు తెచ్చి కొట్లో పెడితే వాటా ఇస్తానన్నారు. మోసపు మాటేమీ కాదు, తమ్ముడు బాగుపడాలనే అన్నారు. మరిది మెత్తబడ్డాడు. సరేనన్నాడు కూడా. నా కడుపు చల్లబడింది. ఆ ఏడాది ఇక ఆమెకు దక్కదని.

రెండు రోజులకే ఆమె బస్సెక్కి, బొబ్బిలిలో రైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ మా ఆయన ఎదుట పడి మాట్లాడని మనిషి, తలుపు దగ్గర నిలబడి, "బావగారూ, ఆ డబ్బుకి పేరున్నాది. మార్సడానికి నాను ఒప్పుకోను," అంది.

"వెర్రిదానా, కూకుని తింటే కొండలైనా మిగల్తాయేటి? ఏడాది తరవాత ఏటి తింటారు?"

"ఆయన మళ్ళీ లారీ ఎక్కుతాడు, నాను మళ్ళీ క్యారేజీలు కడతాను. ఇంక లారీ ఎక్కనని ఎవులన్నారు బావగారూ? ఈ ఒక్క ఏడూ మాకు ఒగ్గీండి."

తలుపు దగ్గర నుంచి కదల్లేదు. మా ఆయన నా వైపు చూశారు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను మంచినీళ్ళ గ్లాసు కోసం లోపలికి తిరిగాను. చివరికి ఆయనే, "నీ ఇష్టమమ్మా," అనేశారు. ఆమె గుమ్మంలోనే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మంచినీళ్ళు ఇచ్చాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని తాగింది.

ఆ ఏడాది ఒకసారి సాలూరు వెళ్ళాను. ఏదో గొప్పగా ఉంటారనుకున్నాను. ఏమీ లేదు. మరిది పాపను స్కూలుకి దింపి వచ్చి, అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. ఆమె లోపలి నుంచి కేకలేస్తోంది, అలా కాదు ఇలా అని. అతను తిరిగి కేకలేస్తున్నాడు.

"రోజూ ఇలాగేనేటే?" అన్నాను.

"రోజూ తగువే అక్కా! తగువాడుకోడానికైనా మనిషి ఇంట్లో ఉండాల కదా," అంటూ పకపకా నవ్వింది. అలాంటి నవ్వు ఆమె ముఖంలో అంతకు ముందు చూడలేదు. ఆ పూట ఆమె పెట్టిన అన్నం నాకు సరిగా దిగలేదు.

ఏడాది అయిపోయింది. చెప్పినట్టే అతను లారీ ఎక్కాడు, ఆమె క్యారేజీలు మొదలుపెట్టింది. మళ్ళీ పూసల దండే, మళ్ళీ అద్దె ఇల్లే. బంధువులు, చూశావా ఏం మిగిలిందని అన్నారు. ఇప్పుడు వాళ్ళే, పాపం ముందే తెలిసిందేమో, అందుకే అలా చేసిందేమో అంటున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆమెకు ఏమీ తెలియదు. నిండా నూరేళ్ళు బతుకుతాననే అనుకుంది. కావలసినదేమిటో తెలుసుకుంది, నలుగురిలో చెప్పింది, తెచ్చుకుంది. అంతే. జాతకం మీదకి తోసేసి ఆ గొప్పతనాన్ని ఆమె దగ్గర నుంచి లాక్కోకూడదు.

పెద్దకర్మ అయిన మర్నాడు, ఇంకా ఊరెళ్ళని చుట్టాలకి టీ పెడదామని నేను ఆమె వంటింట్లోకి వెళ్ళాను. పంచదార ఎక్కడుందో తెలియక డబ్బా తరవాత డబ్బా మూత తీస్తున్నాను. మరిది గుండుతో, భుజాన తువ్వాలుతో లోపలికి వచ్చాడు. "ఉండు వదినా," అని, అటు చూడకుండానే చెయ్యి పైకెత్తి మూడో అరలోని డబ్బా తీశాడు. అల్లం దంచాడు. పాలు పొంగబోతుంటే సరిగ్గా సమయానికి మంట తగ్గించాడు. కూతురి గ్లాసులో పంచదార తక్కువ వేసి, వేరుగా పక్కన పెట్టాడు.

అవతలి గదిలోంచి మా ఆయన పిలుస్తున్నారు, తన కళ్ళజోడు ఎక్కడుందని. మరిది మసిగుడ్డతో గిన్నె పట్టుకుని, ఒక్క చుక్క కింద పడకుండా, వరసగా పెట్టిన గ్లాసుల్లోకి టీ వంచుతుంటే చూస్తూ నిలబడ్డాను.