బాత్రూం కావలి

జనగామలో నేను చేరిన లేడీస్ హాస్టల్లో కింది బాత్రూంకు గొళ్ళెం లేదు. ఒకప్పుడు ఉండేదట, ఎవరో లాగితే చేతికొచ్చిందట. ఓనరు "రేపు వేయిస్త" అన్నాడు. ఆ రేపు కోసం అందరూ ఓపికగా ఎదురుచూస్తున్నారు. అందాకా ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకామె స్నానం చేస్తుంటే ఇంకొకామె తలుపుకు వీపు ఆనించి నిలబడాలి. లోపలామె మధ్యమధ్యలో "ఉన్నవా?" అని అడుగుతుంది. బయటామె "ఉన్న, కానియ్యి" అంటుంది. ఈ కావలికి ఎవరి జోడీ వారికుంది. జోడీ లేనామె శుభ్రత దేవుడి దయ.

నాకొక కార్డుంది. నేను ఆడపిల్లనని నాకు నేనే రాసిచ్చి, డోర్నకల్ పక్కన మా తండా నుంచి మానుకోట కలెక్టరాఫీసుకు చెప్పులరిగేలా తిరిగి తెచ్చుకున్నాను. దాని మీద ట్రాన్స్‌జెండర్ అని ఉంటుంది. బస్సులో చూపిస్తే కండక్టరు మాట్లాడకుండా ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు కొడతాడు. జనగామలో బట్టల దుకాణంలో పని దొరికాక అదే కార్డు హాస్టల్ చూసుకునే అక్కకిచ్చాను. ఆమె వెనక్కి కూడా తిప్పి చూసింది, వాడే విధానం రాసి ఉందేమోనని.

"మంచమైతే ఖాళీ ఉన్నది. మిగతాది వాళ్ళు, నువ్వు చూస్కోండ్రి" అంది.

నేను బకెట్టు పట్టుకొని వస్తే వరండా ఖాళీ అయ్యేది. ఊళ్ళో కర్ఫ్యూ పెట్టాలంటే పోలీసులెందుకు, నాకో బకెట్టిచ్చి పంపితే చాలు. కావలి లేక, ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టి ఒంటికాలి మీద స్నానం చేసేదాన్ని. అంత తపస్సుకూ ఏ దేవుడూ ప్రత్యక్షం కాలేదు.

నా గదిలో ఉండేది భూపాలపల్లి అక్క. బొగ్గుబాయి క్వార్టర్లలో మొగుణ్ణి వదిలేసి వచ్చి ఇక్కడ దవాఖానలో ఆయాగా చేస్తోంది. ఒక సాయంత్రం ఆమె జోడీ పెళ్ళికని స్టేషన్ ఘన్‌పూర్ పోయింది. అక్క బకెట్టుతో తలుపు ముందు నిలబడి ఉంది.

"అక్కా, నేను నిలవడత. అటు మొఖం పెట్టుకుంట" అన్నాను.

ఆమె నిండు బకెట్టు ఎత్తుకొని వెనక్కి పోయింది. పొద్దున స్నానం లేకుండానే డ్యూటీకి వెళ్ళింది.

ఆ ఆదివారం వరండాలో పంచాయితీ కూర్చుంది, నన్నుంచాలా వద్దా అని.

"సర్కారే ఒప్పుకున్నది, నడుమ మనదేంది?" అందొకామె.

"సర్కారొచ్చి మన బాత్రూం కాడ నిలవడ్తదా? రేపు ఇంకోడొచ్చి నేను గూడ ఆడదాన్నని రాసిచ్చిన అంటే?" అంది ఇంకొకామె.

"రానియ్యి అక్కా. ఆ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి వాడే వద్దంటడు" అన్నాను.

కొందరు నవ్వారు. భూపాలపల్లి అక్క నవ్వలేదు.

"నీ మీద కోపం కాదు చెల్లె. నా మొగుడు తలుపు పగలగొట్టి లోపలికొచ్చేటోడు. తలుపవతల మొగోని లెక్క మందం గొంతు వినవడితే నా పానం ఆగదు. అది నీ తప్పు గాదు, నాకెరికే. కార్డుల రాసినంత మాత్రాన నా పానం వినదు."

ప్రతిదానికీ నా దగ్గర ఒక జోకుంటుంది. ఆ రోజు నిజమే చెప్పాను.

"నేను గూడ భయపడే ఇక్కడికొచ్చిన అక్కా" అన్నాను.

"తెలుసు. గందుకే చెల్లె అన్న."

నన్ను పొమ్మనలేదు. పైన నీళ్ళ ట్యాంకు పక్కన విరిగిన మంచాలు పడేసే గది ఊడ్చి ఇచ్చారు. దానికి విడిగా బాత్రూముంది. అందరూ తేలికపడ్డారు. నా సంచి భూపాలపల్లి అక్కే మోసుకొచ్చి, బాత్రూం గొళ్ళెం రెండుసార్లు లాగి చూసింది.

"గట్టిగున్నది. నీకు కావలి అక్కర లేదు" అంది. ఆమె సంతోషంగానే అంది.

నిజమే, ఏనుగొచ్చి గుద్దినా ఊడదు. ఆడవాళ్ళ హాస్టల్లో నాకొక్కదానికే మరో ఆడవాళ్ళ హాస్టల్ దొరికింది.

పొద్దున్నే కింది నుంచి వాళ్ళ మాటలు పైకి వినిపిస్తాయి. ఉన్నవా, ఉన్న కానియ్యి. నేను గొళ్ళెం పెట్టుకొని, రెండు కాళ్ళ మీద నిలబడి, ఒక చెంబు పోసుకొని "ఉన్నవా?" అంటాను. మళ్ళీ నేనే, గొంతు వీలైనంత సన్నం చేసి, "ఉన్న, కానియ్యి" అంటాను.