జ్యూరీలో తాతయ్య కూర్చోని రోజు

నా చిన్నప్పుడు ఒక మనిషికి ఉరి పడాలని రోజూ దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. అప్పటికి నాకు పదేళ్లు. మావాళ్లు సముద్రం దాటి వచ్చి స్థిరపడిన సెంబవాంగ్ అనే ఓడరేవు పేటలో ఉండేవాళ్లం. నాన్న ఒక చిన్న ప్రైవేటు యార్డులో ఓడలకు రంగులు వేసేవాడు. అక్కడి మేస్త్రీ తెలుగువాడే, మావైపు మనిషే. నిలబడి రంగు వేసే పలక తాళ్లు చివికిపోయాయని నాన్న మొత్తుకుంటున్నా వినకుండా పైకి ఎక్కించాడు. నాన్న కిందపడి కాలు పోగొట్టుకున్నాడు. మేస్త్రీ ఆసుపత్రికి వచ్చి చూడలేదు సరికదా, నాన్న తాగి ఎక్కాడని నలుగురిలో చెప్పాడు. కల్లు వాసన కూడా గిట్టని మనిషిని అంత మాట అన్నాడు. కాలు పోయినందుకంటే ఆ మాటకే నాకు ఒళ్లు మండిపోయేది.

మరుసటి ఏడు అదే మేస్త్రీ ఒక కూలీని కొట్టి చంపాడని పోలీసులు పట్టుకెళ్లారు. ఆ రోజుల్లో ఇక్కడ హత్య కేసుల్లో దోషి అవునో కాదో తేల్చేది జడ్జి కాదు, ఇంగ్లీషు వచ్చిన ఏడుగురు మామూలు మనుషులు. దాన్నే జ్యూరీ అనేవారు. గుమాస్తాగా పనిచేసే మా తాతయ్యకు సరిగ్గా ఆ విచారణ జరిగే రోజుకే రమ్మని కోర్టు కాగితం వచ్చింది. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను.

ఆ రోజు పొద్దున తాతయ్య బూట్లు వేసుకుంటుంటే ఆయన చెయ్యి లాగి నా నెత్తిన పెట్టుకున్నాను.

"వాడికి ఉరి వేయిస్తానని నా మీద ఒట్టెయ్యి తాతయ్యా."

పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పితే ఆ పిల్లకే ముప్పని మా ఇళ్లలో నమ్మకం. అది తెలిసే అడిగాను. తాతయ్య నా మొహంలోకి చూశాడు. "సరే, ఒట్టు" అని తాతయ్య వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేశాడు. జ్యూరీకి వేసిన చీటీల్లో ఆయన పేరు వచ్చిందట. సాక్ష్యాన్ని బట్టే తీర్పు చెబుతానని ప్రమాణం చెయ్యమన్నారట. అప్పుడు తాతయ్య లేచి, ఈ మనిషి వల్లే నా కొడుక్కి కాలు పోయింది, ఇతనికి ఉరి వేయిస్తానని పొద్దున్నే మనవరాలి మీద ఒట్టేసి వచ్చాను, నేను పనికిరాను అన్నాడట. జడ్జి ఆయన్ని పంపించేసి ఇంకొకరిని కూర్చోబెట్టాడు.

నేను చేతికందిన గ్లాసు నేలకేసి కొట్టాను. ఒట్టు తప్పావు, నేను చచ్చిపోతే నీదే తప్పని అరిచాను.

"మనసులో ఉండే వేశానమ్మడూ. వాడు చావాలని నాకూ ఉంది. నేను కూర్చుంటే సాక్ష్యం వినేవాణ్నే కాదు. ఆ కూలీని ఎవడు చంపితే నాకేం? మీ నాన్న కాలే కనపడేది" అన్నాడు తాతయ్య.

వారం తిరక్కుండా ఏడుగురూ మేస్త్రీ నిర్దోషి అన్నారు. ఎందుకలా అన్నారో జ్యూరీ చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగడానికీ లేదు. చంపింది వాడో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. వాడు మార్కెట్లో నవ్వుకుంటూ తిరుగుతుంటే చూసి, తాతయ్యతో నెలల తరబడి మాట్లాడలేదు.

కొన్నేళ్లకు జ్యూరీలనే తీసేశారు. ఇప్పుడు అదే నగరంలో టాంపినీస్ అనే పేటలో ఉంటున్నాం. మా అపార్టుమెంటు బ్లాకు నిండా కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలే. మా అబ్బాయి కంపెనీ కూడా మనుషుల కోసం ఒకటే వెతుకులాట. మొన్న వాడు ఒక దరఖాస్తు పట్టుకొచ్చాడు.

"అమ్మా, ఈ అబ్బాయి గ్రాండ్‌ఫాదర్ మీ నాన్న పనిచేసిన యార్డులో మేస్త్రీ అట. ఫ్యామిలీ ఎలాంటిది? నువ్వు ఓకే అంటే తీసుకుంటా."

నేను ఒక్క మాట అంటే చాలు. నలభై ఏళ్లుగా కడుపులో దాచుకున్నది నాలుక చివరిదాకా వచ్చింది.

"నన్ను అడక్కురా. ఇంకెవరినైనా అడుగు" అని వంటింట్లోకి వెళ్లిపోయాను. అక్కడ కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

ఆ కుర్రాడికి ఉద్యోగం వచ్చింది. నాకేం సంతోషంగా లేదు. పగ ఎక్కడున్నది అక్కడే ఉంది. కాకపోతే ఆ రోజు అంతమంది మధ్య లేచి నిలబడడానికి తాతయ్య ఎంత కష్టపడి ఉంటాడో మొన్ననే తెలిసింది.