కల్లంలో కట్టిన పాట

మా మనవరాలు డిగ్రీ చదివే రోజుల్లో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి పాటల జట్టు కట్టింది. హిప్ హాప్ అన్నారు. రాగం తీయడం ఉండదు, గుక్క తిప్పుకోకుండా మాటలు దొర్లించాలి. మాటలు మా మనవరాలు రాసేది. దర్జీ గారి కూతురు నోటితోనే డప్పు మోగించేది. మూడో అమ్మాయి చర్చిలో పాడే పిల్ల. జట్టుకి గొంతు ఆ పిల్లదే.

"పాటంటే పాడాలి గానీ ఈ తగువులాట ఏంటే?" అన్నాను మొదటిసారి విని.

"తగువే అమ్మమ్మా. తాళంలో పెడుతున్నాం" అంది చర్చి పిల్ల.

వాళ్ళ ఇళ్ళల్లో చోటు లేదు. మా మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి, అక్కడ పాడుకోమన్నాను. ఊరికే కాదు. తెల్లబారిన తాలుకాయలు ఏరేటప్పుడు మా ఆడవాళ్ళు పాడుకోవడం మామూలే. "నోరాడుతుంటే చేతులు ఖాళీగా ఎందుకు?" అని ముగ్గురి ముందూ కాయలు పోశాను. కూలి మిగిలిందని లోపల సంబరం.

పాట కూడా అక్కడే కుదిరింది. కాయ విసిరే వేగానికి మాట పడింది.

"బస్సు రాదు, వచ్చినా ఆగదు,
ఆగినా చోటుండదు, చోటున్నా జరగరు!"

కూలికొచ్చిన ఆడవాళ్ళు పని ఆపి మరీ నవ్వారు. గుంటూరులో కాలేజీల పోటీ ఉందని, గెలిస్తే పాట రికార్డు చేయిస్తారని పిల్లలు చెప్పారు. గెలిస్తే ఇక పాటల దారినే పోవడానికి చర్చి పిల్ల వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడట, ఆ పిల్ల కాళ్ళు నేల మీద ఆనలేదు.

పోటీకి ముందు మబ్బు పట్టింది. కాయలన్నీ రేకుల షెడ్డులోకి ఎత్తించి, తేమ తగిలితే రంగు పోతుందని తలుపు వేయించాను. పిల్లలు లోపలే ఏరుతూ పాడారు. దగ్గు మొదలైంది.

"ఘాటుగా ఉంది అమ్మమ్మా, ఇవాళ్టికి వదిలెయ్" అంది మా మనవరాలు.

"పుట్టినప్పటి నుంచీ ఈ ఘాటులోనే ఉన్నాను, నాకేమైంది? ముక్కుకి గుడ్డ కట్టుకోండి."

"గుడ్డ కట్టుకుని ఎట్టా పాడేది?" అని చర్చి పిల్ల నవ్వి, కట్టుకోకుండానే పాడింది.

మేము పాడుకునేది ఆరుబయట, మెల్లగా. ఆ పిల్ల మూసిన షెడ్డులో నోరంతా తెరిచి గాలి మింగాలి. ఆ తేడా నాకు తట్టలేదు.

గుంటూరుకి నేనూ వెళ్ళాను. పాట సగంలో చర్చి పిల్ల గొంతు చీలింది. తర్వాత మైకులో దగ్గే వినిపించింది. దర్జీ కూతురు ఒక్కతే కాసేపు డప్పు మోగించి, తనూ ఆపేసింది. డాక్టరు గొంతు ఎత్తొద్దన్నాడు. మాటకైతే వచ్చింది గానీ, పాటకి ఆ గొంతు మళ్ళీ రాలేదు. జట్టు అంతటితో సరి.

ఇప్పుడా అమ్మాయి పొదిలిలో టీచరు. మొన్న మనవరాలిని చూడటానికి వచ్చింది. మాట ఇప్పటికీ బొంగురే. ఎప్పటి నుంచో మనసులో నలుగుతున్న మాట ఆ రోజు అనేశాను.

"ఆ షెడ్డులో కూర్చోబెట్టి నీ గొంతు నేనే పోగొట్టానే."

"ఆ ఘాటు గొంతుకి పడట్లేదని నాకు అప్పుడే తెలుసు అమ్మమ్మా" అంది మామూలుగా. "కాదంటే మీరు చోటు ఇవ్వరేమోనని ఊరుకున్నా."

చోటిచ్చిన గొప్ప మాత్రం ఆ రోజుల్లో నేను వీధంతా చెప్పుకున్నాను.