బరాత్ గుర్రాలతో హేమ్లి కాపురం

"బ్యాండు కావాలె తమ్మీ వీటికి! బ్యాండు లేకుంటే ఒక్కడుగు ఏస్తే ఒట్టు. నవ్వుతున్నవా? నడిరోడ్డు మీద నా లెక్క నిలబడితే తెలుస్తుండె నీకు!"

ఊళ్ళు తిరుగుతూ వచ్చి గుర్రాల దగ్గర ఆగిన కుర్రాడితో మాట్లాడుతూనే హేమ్లి రాణి మెడ కింద గోకుతోంది. రాణి సగం కళ్ళు మూసుకుని ఆ సుఖంలో ఉంది. దాని వెనక లాలి తన వంతు ఎప్పుడా అని హేమ్లి భుజాన్ని మూతితో పొడుస్తోంది.

రెండూ తెల్లటి ఆడగుర్రాలు. ఇల్లందు చుట్టుపక్కల ఎంతమంది పెళ్ళికొడుకులను ఊరేగించాయో వాటికే తెలియాలి. ఇప్పుడు పెళ్ళికొడుకులు పూలు చుట్టిన కార్లెక్కుతున్నారు. గుర్రాలను ఏం చేయాలో తోచక యజమాని సీతయ్య తల పట్టుకున్న రోజుల్లోనే హేమ్లి భర్త బద్యా బొగ్గుగనిలో రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేయాలి. కొడుకు బాలకృష్ణ ఖమ్మంలో ఒక ఫ్లాటు చూపించాడు. హేమ్లి గదులన్నీ తిరిగింది, బాల్కనీలోకి తొంగిచూసింది.

"మంచిగనే ఉంది గానీ, నా గుర్రాలు యాడ పండుకుంటయ్ రా?"

"ఏ గుర్రాలు?" తండ్రీకొడుకులు ఒక్క గొంతుతో అడిగారు.

గుర్రాలను తానే సాకుతానని అప్పటికే ఆమె సీతయ్యకు మాట ఇచ్చేసింది మరి.

"నా పెండ్లినాడు అందరూ పిల్లగాన్ని చూస్తుంటే, నేను గుర్రాన్ని చూసిన తమ్మీ. అడుగు, గాయననే అడుగు!"

గడ్డి తరుగుతున్న బద్యా తలెత్తకుండానే, "అవ్," అన్నాడు. "నన్ను గుర్రం దిగినంకనే చూసింది."

అలా ఆ కాపురం అడవి అంచునున్న ఊటవాగు తండాకు, బద్యా పుట్టినచోటికి కదిలింది. అన్నదమ్ముల వాటాకు వచ్చిన జాగాలో రెండు గదుల ఇల్లు, ఒక రేకుల షెడ్డు లేచాయి. సామానంతా ట్రాలీ ఆటోలో. గుర్రాలు నడుచుకుంటూ. ఊరు దాటగానే రెండూ ఆగిపోయాయి. బెల్లం పెట్టారు, తిన్నాయి. బతిమాలారు, విన్నాయి. కదల్లేదు. సీతయ్యకు ఫోన్ చేస్తే, "పాట పెట్టమ్మా!" అన్నాడు. సెల్‌ఫోన్‌లో బరాత్ బ్యాండు మోగిందో లేదో, రెండూ కాళ్ళెగరేస్తూ బయలుదేరాయి.

దారి పొడుగునా జనం ఇళ్ళలోంచి పరుగెత్తుకొచ్చారు.

"పెండ్లిపిల్లగాడేడి?"

హేమ్లి ఒక అరుగు చూసుకుని రాణి మీదికెక్కేసింది. "నేనే! పిల్ల ట్రాలీల వస్తుంది, సూడుండ్రి!"

ట్రాలీలో బిందెల మధ్య, ఒళ్ళో టీవీ పెట్టుకుని బద్యా తల దించుకుని కూర్చున్నాడు. అచ్చం పెళ్ళికూతురే.

తండాలో మాత్రం జమ్లి నవ్వలేదు. జమ్లి బద్యాకు వదిన, తండా నాయకుడి భార్య. నాయకుడి మాటకైనా ఎదురు చెప్పేవాళ్ళున్నారు గానీ, ఆమె మాటకు లేరు.

"మన తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసిండ్రు గానీ, గుర్రాలెక్కి ఎగరలే," అంది నడుం మీద చేతులు పెట్టుకుని. "ఇను హేమ్లీ. ఎవల పచ్చని ఆకు మీద మూతి పెట్టినా, తెల్లారేసరికి రెండూ తండా దాటాలె."

"పెట్టయక్కా," అంది హేమ్లి. ఆనాటి నుంచి రెండేసి తాళ్ళతో కట్టి, నిద్రలో కూడా తాళ్ళు తడుముకునేది. ఒక్క ఆకు పోలేదు.

తీజ్ వచ్చింది. పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, పాటలు పాడుతూ నీళ్ళు పోసి మొలకలు పెంచి, చివరిరోజు వాగులో కలిపే పండగ. ఎవరి మొలక పొడుగైతే వాళ్ళకు మంచి మొగుడొస్తాడని మురిపెం. జమ్లి మనవరాలు దీపిక పరుగెత్తుకొచ్చింది.

"నానమ్మా, బుట్టలు ఈసారి మీ వరండాల కడతం. కొత్తగుంది!"

తండా తనను కలుపుకుందని హేమ్లికి కాళ్ళు నేల మీద నిలవలేదు. మేకలు ముంగాళ్ళెత్తినా అందనంత పైన దూలానికి బుట్టలు వేలాడదీశారు. జమ్లి స్వయంగా వచ్చి, చెయ్యెత్తి చూసి, "ఇగ ఏ మేకకూ అందయ్," అని తీర్పు చెప్పింది.

గుర్రం మెడ ఎంత పొడుగో ఎవరికీ గుర్తు రాలేదు.

మొలకలు జానెడయ్యాయి. ఒక పొద్దున హేమ్లి బిందెతో వచ్చేసరికి బుట్టల్లో మన్ను తప్ప ఏమీ లేదు. రెండూ తాళ్ళు తెంపుకున్నాయి. లాలి చివరి బుట్టను నాకుతోంది. రాణి తీరిగ్గా నములుతోంది. బిందె చేయి జారింది. పిల్లలొచ్చారు, గొల్లుమన్నారు. వెనకే జమ్లి. ఇంకేముంది, తండా దాటాల్సిందే అనుకుని హేమ్లి రాణి మెడను కావలించుకుంది.

"నా మొగుణ్ణి మింగింది!" అని దీపిక ఏడుపు.

"నీ ఒక్కదాని మొగుడేనా? అందరి మొగుళ్ళూ దీని కడుపులనే ఉన్నరు!" అంది ఇంకో పిల్ల.

అప్పుడే రాణి గట్టిగా తుమ్మింది. ఒక మొలక ఎగిరి వెళ్ళి జమ్లి ముసుగు మీద పడింది.

"నానమ్మా, ఒకడు బయటపడ్డడు! నీకే వచ్చిండు!" అని అరిచింది దీపిక.

ఏడుస్తున్న పిల్లలు ఏడుపులోనే నవ్వు మొదలుపెట్టారు. జమ్లి పెదవి కొరుక్కుంది, కొంగు అడ్డం పెట్టుకుంది, చివరికి వరండా మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఎత్తు చూసింది నేనే గదా," అంది తుడుచుకుంటూ. "తీజ్ పిల్లలది. శిక్ష వాళ్ళే ఏస్తరు."

పిల్లలు వేశారు. మళ్ళీ గోధుమలు చల్లాలి, ఈసారి బుట్టలు గది లోపల. వాగులో కలిపేనాడు దొంగలిద్దరే వాటిని మోయాలి.

ఆ రోజు డప్పు మోగగానే రాణి, లాలి తండా నడుమ ఆడిన ఆట ఏ పెళ్ళిలోనూ ఆడి ఉండవు. వాగు దగ్గర జమ్లి హేమ్లి చెవిలో, "జల్దీ ఎక్కియ్యే నన్ను, ఎవలూ చూడకముందే!" అంది. తండా మొత్తం చూస్తూనే ఉంది. దిగాక గుర్రాల సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు.

"గిట్ల నిలబడ్డయ్ తమ్మీ నా గుర్రాలు," అంది హేమ్లి, రాణి జూలులోంచి గడ్డిపరక తీస్తూ. "నువ్వు ఊర్లు తిరిగెటోనివి. నాకో పని చెయ్. మంచి మగ గుర్రం కనబడితే కబురు చెయ్. అన్ని మొలకలు తిన్నది గదా, దీనికి మొగుడు రాకపోతే పండగకే పరువు పోతది. పొడుగుండాలె. బ్యాండు లేకున్నా నడవాలె. ఇగ పో, పొద్దు గుంకకముందే!"