మోచేతి పైన గాజులు

సైనిక్‌పురిలో మా పక్కన ఇల్లు కడుతుంటే ఇటుకలు మోయడానికి వచ్చిన లంబాడీ ఆమె, మాట్లాడుతున్నంతసేపూ మోచేతి పైనున్న తెల్లగాజుల్ని ఇంకా పైకి నెట్టుకునేది. అలవాటనుకున్నాను. ఒకరోజు మంచినీళ్లకు మా గేటు దగ్గరికి వచ్చినప్పుడు గాజు జరిగి, కింద కాలిన పుండు కనిపించింది.

"మొగడే అమ్మా, బీడీతోని. గాజుల కిందనే పెడ్తడు, కనవడకుంట."

"పోలీసులకు చెప్పలేదా?"

"చెప్పిన. మీ తండా పెద్దలతోని మాట్లాడుకోపొమ్మన్నరు. ఆ పెద్దలల్ల మా మామ సుత ఉన్నడు."

చదువుకున్నదాన్ని, నేను వెంట వెళితే పనైపోతుందనుకున్నాను. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ గాజులన్నీ తీయమంది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మొగడు సస్తేనే తీస్తరమ్మా గివి."

"ఒక్క నిమిషమే కదా, మళ్లీ వేసుకో" అని విసుక్కున్నాను. అతన్ని చంపెయ్యమని నేనేదో అన్నట్టుగా నా వంక చూసింది. డాక్టరమ్మ కనిపించిన ఒక్క పుండు గురించే రాసిచ్చింది.

"పొయ్యి కాడ కాలి ఉంటది, ఇంటికి తీస్కపోండి మేడమ్" అన్నాడు ఠాణాలో కానిస్టేబుల్, ఆ కాగితం చూసి.

రెండేళ్లకు మల్కాజ్‌గిరి రైల్వే స్టేషన్లో కనిపించింది. మొగుడు తాగి తాగి పోయాడట. గాజుల్లేని ఆ చేతి మీద మోచేతి నుంచి భుజం దాకా నల్లటి మచ్చలే. లేని గాజుల్ని పైకి నెట్టుకోబోయి ఆగింది.

"ఇప్పుడన్నీ కనవడ్తున్నయమ్మా" అంది. "ఎవరికి చూపియ్యాలె?"