కోలరాయి, గుండ్రటి రాయి, వరహాలమ్మగారు

పచ్చి బంగాళదుంప చెక్కు తీస్తుంటే వచ్చే ఆ తడిమట్టి వాసనకి ఎవరికైనా కూర గుర్తొస్తుంది. నాకు వజ్రాలు గుర్తొస్తాయి. ఇవాళ పొద్దున్న వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా ఆయన తొంగి చూసి వెళ్ళిపోయారు.

బిలాస్‌పూర్‌లో నేను మొదట పనికి చేరిన నగల దుకాణంలో వజ్రాల కౌంటరు వరహాలమ్మగారిది. నేను ఆవిడ కింద పని నేర్చుకునేదాన్ని, పిన్నిగారూ అని పిలిచేదాన్ని. భర్త రైల్వేలో గార్డుగా చేస్తూ పోయాక, ఆయన బదులు తనకి రావలసిన రైల్వే ఉద్యోగం వద్దనుకుని ఈ కొట్టులో చేరారట. "ఆఫీసులో నోరు మూసుకుని కూకోవాలి పిల్లా, నావల్ల కాదు" అనేవారు. కొట్టులో ఆవిడ నోరు మూసుకోవడం నేనైతే చూడలేదు.

ఒకరోజు లోకో షెడ్డులో పనిచేసే ఒకతను, వాళ్ళమ్మ, అతనికి కుదిరిన అమ్మాయి నిశ్చితార్థపు ఉంగరం కోసం వచ్చారు. అమ్మాయి మనసు కోలగా ఉన్న రాయి మీద పడింది. అంతే బరువున్న గుండ్రటి రాయి ధర బాగా ఎక్కువ. తల్లి రెండు ధరలూ విని కోలరాయిని పక్కకి నెట్టేసింది.

"చవకదేటి మా కోడలికి? రేపు గతౌరా నుంచి మా ఆడబిడ్డొచ్చి చూస్తే నా పరువేటి కావాల?"

"పెట్టుకునేది నేను కదా అత్తయ్యా" అంది అమ్మాయి, కందిపోయిన ముఖంతో.

"అయితే సంబంధం కూడా నీకు నచ్చిందే చూసుకో!" అని తల్లి లేచి నిలబడింది. పెళ్ళికొడుకు ఫ్యాను వంక చూస్తున్నాడు.

నేను రాళ్ళ పళ్ళెం వెనక్కి లాక్కున్నాను. వరహాలమ్మగారు మాత్రం "కూకోండి వదినగారూ" అంటూ, బుధవారీ బజారులో కొన్న కూరల సంచిలోంచి రెండు బంగాళదుంపలు తీశారు. యజమాని జామకాయలు కోసుకునే చాకు అందుకున్నారు.

"ఇయ్యి ముడిరాళ్ళనుకోండి." ఒకదాన్ని చుట్టూ చెక్కుతూ గుండ్రంగా చేసేసరికి కౌంటరు నిండా ముక్కలే. రెండోదాన్ని అంచులు మాత్రం గీకి కోలగా చేశారు. "సూశారా? గుండ్రంగా రావాలంటే ఇంత పోతాది. ఆ పోయినదానికీ డబ్బు మనమే కట్టాల. పైగా అందరూ అదే అడుగుతారు, అందుకే ధర ఎక్కి కూకుంది. అంతేగానీ ఈ కోలది తక్కువ రాయి కాదు. అదే బరువుకి పెద్దగా కనపడతాది కూడాను."

తల్లి ముక్కల్ని అనుమానంగా చూసింది. "మరి ఇయ్యేటి సేస్తారు?"

"వజ్రానివైతే పొడి. ఇయ్యైతే రాత్రికి వేపుడు."

ముందు నవ్వింది ఆ తల్లే. సరిగ్గా అప్పుడే యజమాని లోపల్నుంచి వచ్చి కౌంటరు చూశారు. "యే దుకాన్ హై యా ధాబా?" అన్నారు, ఇది కొట్టా, హోటలా అని. ఖరీదైన బేరం చెడగొడుతున్న సంగతి కూడా అర్థమైనట్టుంది, ఆయన ముఖం ఎర్రబడింది. పిన్నిగారి ఉద్యోగం ఇక ఇంతే అనుకున్నాను.

ఇంతలో తల్లి అడిగింది. "పెద్దగా కనపడతాదన్నారు. ఎంత దూరం నుంచి?"

"మీ ఆడబిడ్డ గుమ్మంలో చెప్పులిప్పుతుంటేనే."

కోలరాయి అమ్మాయి వేలికి వెళ్ళింది. మిగిలిన డబ్బుతో తల్లి తన చెవులకి చిన్న దుద్దులు తీసుకుంది, గుండ్రటి రాళ్ళవే! యజమానే బిల్లు రాశారు. మర్నాడు చూస్తే కౌంటరు కింద ఆయనే తెప్పించిన బంగాళదుంపల బుట్ట.

పిన్నిగారు మానేశాక ఆ కౌంటరు నాకొచ్చింది. మొదటి వారమే ఒకాయన నీటిబొట్టు ఆకారపు రాయి బేరమాడాడు. మొన దగ్గర దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది, జాగ్రత్త అన్నాను. ఆయన థాంక్యూ చెప్పి వెళ్ళిపోయాడు. యజమాని నా వంక చూసిన చూపుకి భయపడి పిన్నిగారికి ఫోన్ చేశాను.

"మళ్ళీ వస్తాడులే" అన్నారు.

"రాకపోతే?"

"రాకపోతే ఏటవుతాది? నువ్వింటికెళ్ళి కంటినిండా పడుకుంటావు."

ఆవిడ కిందటేడు పోయారు. ఆ బొట్టురాయాయన ఇప్పటికీ రాలేదు. నాకు మాత్రం నిద్రకెప్పుడూ లోటు లేదు.